టపాలొచ్చాయి, పెద్దమ్మ మాటలు రాలేదు

మా పెద్దమ్మ పోయింది. పోయిన నెల, ఒక ఆదివారం పొద్దున చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, ఉక్కగా ఉంది కిటికీ తెరవమని తన కూతురితో, మా అక్కతో, అందట. అక్క కిటికీ తెరిచి వెనక్కి తిరిగేసరికి గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి పక్కకు ఒరిగి ఉంది. ఆటోలో దవాఖానాకు తీసుకుపోయారు. అక్కడి డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి, మెల్లగా కింద పెట్టేశాడు. నాకు ఫోన్ వచ్చేసరికి పీర్జాదిగూడలో మా వంటింట్లో దోశలు పోస్తున్నాను. "చెల్లె, అమ్మ లేదే," అంది అక్క. ఎక్కడికి పోయింది అని అడిగాను. నిజంగానే అడిగాను. ఆదివారం పూట పెద్దమ్మ ఇంట్లో లేకపోవడం నేను ఎరగను.

ఈ కొత్త చిరునామాలో మొదటి టపా ఇలా మొదలవుతుందని అనుకోలేదు. మీలో చాలామందికి ఆమె తెలుసు. పాత బ్లాగులో నా టపాల కింద 'నాచారం పెద్దమ్మ' అనే పేరుతో కనబడిన వ్యాఖ్యలు ఆమెవే. కొందరు నేను రాసింది పైపైన చూసి, గబగబా కిందికి జారి ఆమె ఏమందో చదివేవాళ్లని నాకు తెలుసు. నాకేం కోపం లేదు, నేనైనా అదే చేసేదాన్ని. ఈ మధ్య మెయిళ్లలో మీరడిగేది కూడా అదే కదా: కొత్త బ్లాగు బాగుంది, మరి పెద్దమ్మ ఏదీ అని.

నా కబుర్లు కూడా అడిగారు కాబట్టి అవి ముందు ముగించేస్తాను. మందుల ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగం మానేసి, అలాంటిదే ఇంకో ల్యాబులో చేరాను. నాచారం నుంచి పీర్జాదిగూడ అపార్ట్‌మెంటుకు మారాం. పాప బడికి పోతోంది, రోజూ ఏడుస్తూ పోయి నవ్వుతూ వస్తోంది. ఉప్పల్ చౌరస్తాలో మెట్రో స్తంభాలు లేచాయి, రైలు మాత్రం లేదు. వాటి మధ్య నుంచి బస్సు బయటపడే లోపల ఒక టపా మనసులో రాసేసుకోవచ్చు. రాష్ట్రం వచ్చింది. పాత బ్లాగు నడిపించేవాళ్లు దుకాణం కట్టేస్తున్నామని చెప్పడంతో ఇక్కడికి వచ్చాను. ఒక్కొక్కటీ ఒక్కో టపాగా, కాస్త మసాలా వేసి రాద్దామనుకున్నవి ఇవన్నీ. ఒక్క పేరాలో ఇమిడిపోయాయి.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. మాది జనగామ వైపు. డిగ్రీ అయ్యాక నాచారంలో ఉద్యోగం వచ్చిందనగానే మా నాన్న హాస్టళ్ల గురించి వాకబు చేయడం మొదలుపెట్టాడు. పెద్దమ్మ ఫోన్ చేసి, "నేను సచ్చిపోయిననా ఏంది, పిల్లను హాస్టల్‌ల ఏస్తున్నవ్?" అని మరో మాటకు సందు లేకుండా పెట్టేసింది. అలా ఒక ట్రంకుపెట్టెతో వాళ్లింటికి చేరాను. రెండు గదులు, ముందు చిన్న వాకిలి, వాకిట్లో నల్లా. పెద్దనాయన అప్పటికే లేడు. ఆయన బతుకంతా పనిచేసిన ఫ్యాక్టరీ వీధి చివరే ఉండేది. అది కూడా మూతపడి, గోడ మీద రావి మొక్కలు మొలిచాయి. ఇంట్లో పెద్దమ్మ, ఆమె కూతురు అక్క. అక్క ఉప్పల్‌లో ఒక బడిలో లెక్కలు చెప్పేది, ఇప్పటికీ చెబుతోంది. లెక్కల వాళ్లకు ఉండే పట్టింపులన్నీ ఉన్నాయి. నా రాతల మీద ఆమెకు ఎప్పుడూ ఆసక్తి లేదు, ఉన్నట్టు నటించనూ లేదు.

వాయిదాల మీద కంప్యూటరు కొన్నాక, తెలుగులో రాయొచ్చని తెలిసి బ్లాగు మొదలుపెట్టాను. అప్పట్లో తెరమీద తెలుగక్షరం కనబడితే చాలు, సంబరంగా ఉండేది. పెద్దమ్మకైతే అది మహా వింత. నా వెనక నిలబడి, "ఈడ కొడ్తుంటె ఆడ మొలుస్తున్నయి సూడు," అనేది. మధ్యాహ్నాలు ఫ్యాక్టరీల మసి పడుతుందని కంప్యూటరు మీద తన పాత నేత చీర కప్పేది. ఆ చీర తీయకుండా కంప్యూటరు ముట్టుకోవడం, కప్పకుండా లేవడం మా ఇంట్లో నేరం.

మొదటి టపా రాసిన రోజే అడిగింది. "ఏందో గంతసేపు రాసినవ్. సదువు, ఇంట."

చదవబోయాను. "ఆగు," అంది. పొయ్యి కట్టేసింది. వాకిట్లోకి పోయి చేతులు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది. ఫ్యాను చప్పుడు చేస్తోందని అదీ ఆపించింది. గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చుని, నా మొహంలోకి చూస్తూ, "ఊఁ, జెప్పు," అంది.

ఆ పెద్దమ్మే పొద్దున లేచింది మొదలు ఒక్క క్షణం ఖాళీ చేతులతో ఉండేది కాదు. మాట్లాడుతూ బియ్యం ఏరేది, తిడుతూ బట్టలు మడతపెట్టేది, టీవీ చూస్తూ చింతపండు గింజ తీసేది. వినేటప్పుడు మాత్రం చేతులు రెండూ ఒళ్లో పెట్టుకునేది. వినడం కూడా ఒక పనేనని, దానికి కూడా మనిషి మొత్తం కావాలని ఆమెను చూశాకే నాకు తెలిసింది. అంతకు ముందు గాని, ఆ తర్వాత గాని, అలా వినే మనిషిని నేను చూడలేదు. మనం చెప్పే మాట అవతల ఒకరిలోకి దిగడం కళ్లారా కనబడుతుంటే, చెప్పేవాళ్లకు ఒక రకమైన భయం వేస్తుంది. అబద్ధం చెప్పలేం.

కథ చెబుతుంటే వినేవాళ్లు ఊ కొట్టాలన్న సంగతి మీకు కొత్త కాదు. పెద్దమ్మకు అది నియమం. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో ఒగ్గు కథ చెప్పేవాళ్లు వస్తే ముందు వరసలో కూర్చుని, గొంతు బొంగురుపోయేదాకా ఊ కొట్టేదట. "జెప్పెటోనికి డోలున్నది, తాళమున్నది. ఇనేటోళ్లకు ఊఁ ఒక్కటే ఉన్నది. గది గూడ ఇయ్యకపోతె ఎట్ల?" అనేది. ఆమె ఊలలో రకాలుండేవి. నమ్మిన ఊ పొట్టిగా ఉండేది. నమ్మని ఊ ముక్కులోంచి వచ్చేది. ముందుకు పోనిమ్మన్న ఊ, జర ఆగమన్న ఊ వేర్వేరు. అసలు ఊ రాని చోటొకటి ఉండేది. అక్కడ నేను గొప్ప వాక్యం రాశాననుకుని గొంతు పెంచి చదివేదాన్ని. ఆమె కిక్కురుమనేది కాదు. ఆ వాక్యం సాయంత్రానికల్లా టపాలోంచి పోయేది. నా ఉద్యోగం పోబోతోందని బెంగపడి, విషాదంగా ఒక టపా రాసి, అక్షరాలకు నీలం రంగు వేసి చదివి వినిపిస్తే, తెర వైపు ఒకసారి చూసి, "గింత దుక్కంల గూడ రంగులెయ్య చేతులొచ్చినయా బిడ్డా?" అంది. ఆ రోజు నవ్వీ నవ్వీ నా బెంగ తీరిపోయింది.

వ్యాఖ్యల కథ ఇలా మొదలైంది. బ్లాగు పెట్టి వారాలు గడిచినా ఒక్క నరపురుగు తొంగిచూడలేదు. ప్రతి టపా కింద ఒక సున్నా కనబడేది. అదేంటని పెద్దమ్మ అడిగింది.

"ఎవ్వలు ఊ కొట్టలేదన్నట్టు," అన్నాను.

"గదేంది! నేను కొట్టిన గద!"

"నువ్వు ఈడ కొట్టినవ్ పెద్దమ్మా. ఆడ కొట్టాలె."

"మరి రాయి. నేను జెప్త, నువ్వు రాయి. ఒక్క మాట గూడ దిద్దకు. దిద్దినవో, అది నీ ఊ అయితది, నాది గాదు."

పేరు ఏమని పెట్టను అంటే, ఎందుకూ, నాచారంలో ఉండే పెద్దమ్మను అంది. ఆ మొదటి వ్యాఖ్య ఇది: "మంచిగున్నది గని మధ్యల జర సాగదీసినవ్. ఆకలైతున్నది, ఇగ లే." అప్పటి నుంచి, పెళ్లయి వేరే ఇంటికి వెళ్లాక కూడా, ప్రతి ఆదివారం అదే వరస. నేను చదవాలి, ఆమె ఊ కొట్టాలి, తర్వాత ఆమె చెప్పాలి, నేను ఉన్నదున్నట్టు టైపు కొట్టాలి. ఆమె చెబుతుంటే నా వేళ్లు తడబడేవి. ఆ మాటల వేగం వేరు. నా బ్లాగులోనే నాకంటే బాగా చెప్పే మనిషి ఉందని నాకు అప్పుడే తెలిసింది.

మెల్లగా మీరంతా వచ్చారు. ఆమెకు జవాబులు రాయడం మొదలుపెట్టారు. ఎక్కడెక్కడివాళ్లో తన మాటకు మాట అంటున్నారని తెలిసి ఆమె చేతిలో పని పక్కన పెట్టింది. తర్వాత, "గంత దూరంల ఉన్నోళ్లకు గూడ నేను ఇనవడుతున్ననా," అని మెల్లగా అంది. ఆ రోజు పూరీలు చేసింది.

మీలో పాతవాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఒకాయన వచ్చి ఈ పెద్దమ్మ ఉత్త కల్పన అని, రాసేదంతా నేనేనని గట్టిగా వాదించాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పెద్దమ్మకు చదివి వినిపిస్తే తాపీగా, "నేను లేనన్నోన్ని ఆదివారం రమ్మను. బువ్వ పెడ్త. కడుపు నిండినంక లేనని జెప్పమను," అంది. అలాగే రాశాను. ఆయన నిజంగానే వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, తార్నాకలో ప్రభుత్వ ఉద్యోగం, మా అందరికంటే నెమ్మదస్తుడు. చేతిలో అరటిపండ్లు పట్టుకుని గుమ్మంలో నిలబడి, "పెద్దమ్మగారంటే..." అని నసిగాడు.

"నేనే. లేనన్నది నువ్వేనా?"

ఆయన మొహం చూడాల్సింది. పెద్దమ్మ పీట వాల్చింది. "కూసో. ఫికర్ జెయ్యకు. లేనోళ్ల ఇంట్ల గూడ కూర మంచిగనే ఉంటది."

ఆ సాయంత్రం ఆయన రాసిన వ్యాఖ్యలో రెండే వాక్యాలున్నాయి: "ఉన్నారు. మారు వడ్డించారు." అప్పటి నుంచి ఆయన మా ఇంట్లో అరటిపండ్లాయన. వీలున్న ఆదివారాలు వచ్చి, నేను చదువుతుంటే ఆయన కూడా కింద కూర్చుని ఊ కొట్టేవాడు. కొట్టడం సరిగా రాదని పెద్దమ్మ దిద్దేది కూడా.

తర్వాత ఉద్యమం రోజులు వచ్చాయి. బ్లాగుల్లో మనం ఒకరినొకరం ఎన్నేసి మాటలనుకున్నామో మీకు తెలుసు, మళ్లీ తవ్వడం ఎందుకు. అరటిపండ్లాయన రావడం తగ్గించాడు. రావద్దని ఎవరూ అనలేదు. రమ్మనడానికి నాకు నోరు రాలేదు, రావడానికి ఆయనకు కాళ్లు రాలేదు. పెద్దమ్మ రెండు మూడు ఆదివారాలు తలుపు వైపు చూసి ఊరుకుంది.

అప్పుడే ఉప్పల్‌లో వంటావార్పు జరిగింది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే తిని, రాకపోకలు ఆపేయడం. మా వీధి ఆడవాళ్లంతా వెళ్లారు. పెద్దమ్మ కొంగు నడుముకు చుట్టి పొయ్యి మీది పెద్ద గంజు ముందు నిలబడింది, నేను ఆకుల ఇస్తర్లు పంచుతున్నాను. వాహనాలు ఎక్కడికక్కడ ఆగిపోయాయి. ఆ వరసలో, స్కూటరు మీద, హెల్మెట్ తీసి చెమట తుడుచుకుంటూ అరటిపండ్లాయన కనబడ్డాడు. నేను చూసి తల తిప్పుకోబోయాను. పెద్దమ్మ గంటె పైకెత్తి పిలిచింది.

"ఓ అరటిపండ్ల బిడ్డా! ఆడ్నే నిలవడ్డవేంది? రా!"

ఆయన ఇబ్బందిగా వచ్చాడు. "వద్దమ్మా. ఇది మీది. నేను విడిపోవద్దనేవాణ్ని."

"నాకెర్కే. నేను కావాలనేదాన్ని. గయితే ఏంది? తొవ్వ బంద్ జేసింది మేము. ఆగినోళ్ల ఆకలి గూడ మాదే. ఇస్తరి పట్టు, సాంబారు కారుతది."

ఆయన రోడ్డు మీద కూర్చుని తిన్నాడు. చుట్టుపక్కల నినాదాలు. ఆమె కూడా మధ్యమధ్య గంటె ఆపి గొంతు కలిపి నినాదం ఇచ్చేది, మళ్లీ వంగి ఆయనకు అన్నం వడ్డించేది. ఆ రెండు పనులకూ ఆమె మొహం ఒక్కలాగే ఉంది. దేన్నీ దాచుకోలేదు, దేన్నీ తగ్గించుకోలేదు. నేనక్కడ ఇస్తర్ల కట్ట పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయాను. మేం బ్లాగుల్లో అంతకాలం కొట్టుకుని తేల్చలేకపోయినదాన్ని ఆమె ఒక గంటెతో తేల్చేసింది. ఆ ఆదివారం ఆమె చెప్పిన వ్యాఖ్య: "ఆయన వద్దన్నడు, నేను గావాలన్న. ఇద్దరం ఒక్క గంజులదే తిన్నం. ఉప్పు జర ఎక్కువైంది, గది మాత్రం నా తప్పే."

ఇక బ్లాగు మారిన సంగతికి వస్తాను. టపాలన్నీ మూటకట్టి ఒక్క దెబ్బలో కొత్త చోటికి తెచ్చుకునే వీలుంది. వ్యాఖ్యలకు ఆ వీలు లేదు. పాత బ్లాగు నడిపించేవాళ్లు వాటిని వేరే ఎక్కడో దాచారట. మా ఆయనకు ఇలాంటి పనులు బాగా తెలుసు, ఆయన కూడా కుస్తీ పట్టి చేతులెత్తేశాడు. ఒక్కొక్క టపా తెరిచి, దాని కింది వ్యాఖ్యలను చేత్తో ఎత్తి తెచ్చుకోవడమే దారి. ఆ దుకాణం మూసేస్తే అవి ఇంకెక్కడా ఉండవు.

పెద్దమ్మ పోవడానికి ముందు ఆదివారం నేను నాచారం వెళ్లాను. పాత బ్లాగులో నా చివరి టపా, 'ఇల్లు మారుతున్నాం' అన్నది, చదివి వినిపించాను. అంతా విని అడిగింది, "సామానంత వచ్చిందా?"

"నేను రాసినయి వచ్చినయ్ పెద్దమ్మా. నువ్వు చెప్పినయి రాలే."

"సగం సామాను ఇడిశిపెట్టి ఇల్లు మారుతరా ఎవ్వలన్న?"

"తెస్త. ఒక్కొక్కటి తేవాలె, జర టైమ్ పడ్తది."

"తెస్తె తే, లేకుంటె లేదు. మల్ల జెప్త గద. నోరేడికి పోతది?" అని నవ్వింది.

ఆ తర్వాతి ఆదివారం సంగతి మొదట్లోనే చెప్పాను.

పెద్ద కర్మ అయ్యాక చుట్టాలందరూ వెళ్లిపోయారు. పాత బ్లాగు నెలాఖరుకు మూసేస్తారు. నేను సెలవు పెట్టి నాచారంలోనే ఉండిపోయాను. కంప్యూటరు మీద చీర తీసి మడత పెడుతుంటే అక్క వచ్చి, "ఏం జేస్తవ్?" అంది. చెప్పాను. కుర్చీ లాక్కుని కూర్చుంది. తను పాత పేజీలోంచి చదువుతానని, నేను కొత్త దాంట్లో పెట్టుకుంటూ పోవాలని, ఒక్కటి కూడా తప్పిపోకుండా వరసలో పోదామని అంది. లెక్కల మనిషి కదా. ఎత్తి పెట్టేదానికి పైకి చదవాల్సిన పనేమీ లేదు. కాని వద్దనలేదు. అక్క మొదటి వ్యాఖ్య చదివింది. గొంతు అచ్చం పెద్దమ్మదే. నేను పని ఆపి అటు తిరిగాను. అక్క కూడా ఆగి, తన గొంతు తనే విన్నట్టు కూర్చుంది. కాసేపటికి మళ్లీ చదవడం మొదలుపెట్టింది.

అలా రోజులు పట్టింది. నా టపాలు అడ్డం లేకుండా ఆమె మాటలు మాత్రమే ఒకదాని వెనక ఒకటి వస్తుంటే, అంతవరకూ నేను చూడనిదేదో మెల్లగా కనబడసాగింది. మీలో కొందరు సరదాగా అనేవారు, పెద్దమ్మ వ్యాఖ్యలు దారి తప్పుతాయని. నిజమే, నేను ఒకటి రాస్తే ఆమె ఇంకోటి చెప్పేది. ల్యాబులో పరీక్షలంటే భయమని నేను రాస్తే, తనను మూడో తరగతిలో బడి మాన్పించాక బర్రెలను బడి గోడ పక్కనే మేపుకుంటూ పాఠాలు విన్న సంగతి చెప్పింది. ఎండల గురించి రాస్తే, బావి తవ్వుతుంటే అడుగున మొదటి చెమ్మ కనబడ్డప్పుడు మట్టి తీసి నుదుటికి రాసుకున్న వాళ్ల నాయన గురించి చెప్పింది. ట్రాఫిక్ గురించి రాస్తే పెండ్లికి కట్టిన ఎడ్లబండి గురించి. అప్పుడు వాటిని నవ్వుకుంటూ కొట్టాను. దిద్దొద్దంది కాబట్టి దిద్దలేదు, అంతే.

మా పాప పుట్టినప్పుడు రాసిన టపా దగ్గరికి వచ్చాం. అక్క చదువుతోంది: "పిల్ల ఎడమ దిక్కు తల పెట్టి పండుతున్నదని రాసినవ్. నా పెద్దోడు గూడ గట్లనే పండెటోడు. ఎంత తిప్పినా మల్ల ఎడమకే. తల గా దిక్కు జర సప్పిడైంది. మంచిగైతదిలే అనుకున్న. అయ్యేదాక లేకపాయె." అక్క అక్కడ ఆగింది.

"నాకంటె ముందు ఒక బాబు పుట్టి పోయిండని నాయిన జెప్పిండు," అంది. "అమ్మ నోట మాత్రం నేనెన్నడు ఇనలే. నన్ను ముందు గూసోవెట్టుకొని గూడ ఒక్కపారి అనలే."

ఆ మాటలు నా చేత్తో కొట్టినవే. చెబుతున్నప్పుడు ఆమె గొంతు మారలేదు, నా వేళ్లు ఆగలేదు. బిడ్డకు ఎదురుగా చెప్పుకోలేని మాట, మొహం తెలియని మీ అందరికీ చెప్పింది. మీలో ఎవరో దాని కింద, "నూనె రాస్తే తల గుండ్రంగా వస్తుంది పెద్దమ్మా" అని రాశారు. "ఇప్పుడు జెప్తె ఏం లాభం బిడ్డా" అని ఆమె జవాబు. అది చదివి అక్క నవ్వింది, కళ్లు తుడుచుకుంది, మళ్లీ నవ్వింది.

అప్పటికి నాకు పూర్తిగా అర్థమైంది. ఇన్నేళ్లూ కథ చెబుతున్నది నేనని, ఆమె ఊ కొడుతోందని అనుకున్నాను. నా టపాలన్నీ కలిపినా, నాచారంలో ఉద్యోగం చేసుకునే ఒకమ్మాయి చిరాకులూ సరదాలూ తప్ప పెద్దగా ఏమీ లేవు. కింద, చిన్న అక్షరాల్లో, ఒక మనిషి తన బతుకు మొత్తం చెప్పుకుపోయింది. వరస లేదు, గుర్తొచ్చింది గుర్తొచ్చినట్టు చెప్పింది, అయినా ఎక్కడా సందు లేదు. నేను చదివిన ప్రతి టపా ఆమెను కదిపిన ఒక ఊ మాత్రమే. అంత పెద్దది నా ఇంట్లో, నా చేతుల మీదుగా జరిగిపోయింది.

అందుకే ఈ కొత్త బ్లాగు మీకు కొంచెం తలకిందులుగా కనబడుతుంది. పైన పెద్ద అక్షరాల్లో ఉన్నవి పెద్దమ్మ మాటలు. నా టపాలు వాటి కింద, వ్యాఖ్యలుండే చోట ఉన్నాయి. కింద ఏది పెట్టినా ఈ బ్లాగు దాన్ని ఆపి, ఉంచమంటారా అని నన్నే అడుగుతుంది. నా టపాలన్నిటికీ ఉంచమని నొక్కుతూ పోయాను. మా ఆయన ఈ అమరిక చూసి, ఇలా ఎవరూ చేయరే అన్నాడు. అక్క మాత్రం లెక్క సరిపోయిందంది. అరటిపండ్లాయనకు ఫోన్లో చెబితే ఆ అమరిక మళ్లీ ఒకసారి చెప్పించుకున్నాడు. తర్వాత, తన వ్యాఖ్యలు తేకపోయినా పర్లేదని, ఆ 'ఉన్నారు' అన్నది మాత్రం తెమ్మని అడిగాడు. తెచ్చాను.

చివరికి మిగిలింది 'ఇల్లు మారుతున్నాం' కింద, ఆ చివరి ఆదివారం ఆమె చెప్పిన వ్యాఖ్య. తను నాచారం వచ్చిన మొదటి రోజు గురించి. అక్క చదివింది, నేను పెట్టాను. ఇదిగో:

"గీ ఇల్లు మారుడు నాకు కొత్తనా? పెండ్లయి మొదలు ఈడికొచ్చిననాడు మీ పెద్దనాయిన నన్ను ఫ్యాక్టరి గేటు కాడ నిలవెట్టి తాళంచెవికి పోయిండు. మా అమ్మ ఇచ్చిన గుమ్మడికాయ సంకల ఉన్నది. గంతల ఫ్యాక్టరి కూత వెట్టింది. చెవులు మూసుకుందమంటె చేతులల్ల గుమ్మడికాయ. గేటు తెరిసిన్రు. సైకిళ్లు బిడ్డా! ఒక్కటెన్క ఒక్కటి, వానకు ఒర్రె ఒడువకుంట పారినట్టు. మా జాతరల గూడ గంతమందిని సూడలే. అందరు గంటలు కొట్టుకుంట నన్ను తప్పుకుంట పోతున్నరు, ఒక్కలు తాకలే. నాకు భయంగాలే. గింతమంది ఉన్నరు, ఒక్కలన్న మాట్లాడరా అనుకున్న. గప్పుడు ఒకామె, గామె గూడ పని దిగి వస్తున్నది, నడుసుకుంట నా ముంగట్కి వచ్చి ఆగింది. గుమ్మడికాయ దిక్కు సూసింది, నా దిక్కు సూసింది. అగో, నల్లా వచ్చింది. బిందెలు పెట్టాలె. మిగిలింది మల్ల జెప్త."

నల్లా వచ్చిన మాట కూడా ఆ రోజు ఉన్నదున్నట్టే కొట్టాను. ఇప్పుడు కూడా అలాగే తెచ్చాను. ఆ ఆడమనిషి ఎవరో, ఏమందో నాకు తెలియదు, అక్కకు తెలియదు. నాచారం ఫ్యాక్టరీ గేటు ముందు, పారుతున్న సైకిళ్ల మధ్య, కొత్త పెళ్లికూతురు గుమ్మడికాయ ఎత్తుకుని నిలబడి ఉంది. భయం లేకుండా, ఎదుటి మనిషి నోరు తెరిచి ఏమంటుందా అని చూస్తోంది.